‘సంపుకున్న’ అనే మాట

మా అన్నను మా అవ్వే, కన్నతల్లే, చంపిందని చిన్నప్పుడు నేను నమ్మేదాన్ని. ఎవరో చాడీలు చెబితే నమ్మింది కాదు, అవ్వే చెప్పేది. పెళ్ళిళ్ళలో చుట్టాలు కలిసినా, ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ పిల్లలెందరని అడిగినా, చివరికి బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషితోనైనా సరే, మాట అటు మళ్ళిందంటే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అనేది. "ఒక్క కొడుకుండె. నేనే సంపుకున్న."

నేను పుట్టకముందే వాడు పోయాడు. నాలుగేళ్ళవాడు. కామెర్లు. అవ్వ వాణ్ణి ముందు ఆకుపసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయింది, ఆ తర్వాత కరీంనగర్ పెద్దాసుపత్రికి. ముందే ఇక్కడికి తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టరు ఎవరో అన్నాడట. బాపు అప్పుడు దుబాయిలో ఉన్నాడు. ఇవన్నీ నాకు చాలా ఆలస్యంగా తెలిశాయి. చిన్నప్పుడు తెలిసిందల్లా ఆ ఒక్క వాక్యమే. అందుకని అవ్వ దగ్గుమందు పోసినా చెంచా వాసన చూడందే తాగేదాన్ని కాదు. ఆమె దాన్ని మొండితనం అనుకుని వీపు మీద ఒకటి వేసేది.

అన్న ఫోటో ఒక్కటే ఉంది మా ఇంట్లో. స్టూడియోలో మూడు చక్రాల సైకిల్ మీద కూర్చోబెట్టి తీసింది. ఫోటో పాతబడి మొత్తం పచ్చబారిపోయింది. వాడి కళ్ళలో పచ్చదనం జబ్బుదో, కాగితానిదో చెప్పలేం. బడికి పోయే ముందు రోజూ ఆ కళ్ళను చూసేదాన్ని. చూడకుండా వెళ్తే వాడికి కోపం వస్తుందనిపించేది.

ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల పెద్దయ్యాక ఫోరెన్సిక్ సైకాలజీలో పీజీ చేస్తానంది. మా చుట్టాలకు ఆ పేరు నోరు తిరగలేదు. "అంటే పీనుగులను కోస్తరా?" అని ఒక మేనత్త అడిగింది. కాదత్తా, నేరం చేసినవాళ్ళ మనసు ఎలా పనిచేస్తుందో చూస్తాం అన్నాను. "గా మాత్రం దానికి గంత దూరం పోవుడెందుకు, మీ మామను సూడరాదు" అని అక్కడున్నవాళ్ళందరినీ నవ్వించింది. బాపు మాత్రం ఒక్కటే అడిగాడు. "నౌకరి దొరుకుతదా?" నాకూ తెలియదని చెప్పలేక తల ఊపాను.

చదువు వేరే రాష్ట్రంలో. క్లాసులో దేశం నలుమూలల పిల్లలున్నారు, తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. థీసిస్ కోసం నేను ఎంచుకున్న అంశం, చేయని నేరాన్ని చేశామని మనుషులు ఎందుకు ఒప్పుకుంటారు అని. మా ప్రొఫెసరమ్మకు అది బాగా నచ్చింది. నీ ప్రాంతానికి వెళ్ళి, నీ భాషలో చెయ్యి, అది నీ బలం అన్నది. నిజమే కాబోలు అనుకుని మురిసిపోయాను. ఆ అంశం నా బుర్రలోకి ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు ఒక్కసారైనా ఆలోచించలేదంటే నన్ను చూసి నాకే నవ్వొస్తుంది.

అలా ఆదిలాబాద్‌లో ఒక సర్కారు దవాఖానలో, సైకాలజిస్టు సార్ దగ్గర చేరాను. కోర్టు పంపిన విచారణ ఖైదీలను చూసి, వాళ్ళ మానసిక స్థితి ఎలా ఉందో నివేదిక రాయడం ఆయన పనుల్లో ఒకటి. సార్‌ది కాకినాడ వైపు. మంచి మనిషి, ఆచితూచి మాట్లాడే మనిషి. బేడీలతో వచ్చిన వాణ్ణి కూడా "కూర్చోండి" అనేవాడు. మా మాటలు మాత్రం ఆయనకు అప్పుడప్పుడూ కొరుకుడు పడేవి కావు. ఒకసారి బెల్లంపల్లి నుంచి వచ్చిన ముసలాయన "జిందగంత బాయిల్నే పని జేసిన సార్" అంటే, సార్ ఎంతో శ్రద్ధగా "ఎవరి పొలంలో బావండీ అది?" అని అడిగాడు. ముసలాయన బిత్తరపోయాడు. ఆ ఊళ్ళో బాయి అంటే బొగ్గుగని అని నేను చెప్పాక సార్ తన మీద తనే చాలాసేపు నవ్వుకున్నాడు. ఆ రోజు నుంచి గదిలో ఒక మూల నాకు కుర్చీ వేయించాడు. "నువ్వు పక్కనుండమ్మా. నాకు అర్థమైందనుకున్నవి కూడా ఎంతవరకు అర్థమయ్యాయో చెబుదువుగాని" అన్నాడు.

ఆ విచారణ ఖైదీల్లో ఒకామె వచ్చింది పత్తి తీసే రోజుల్లో. దవాఖాన ముందు రోడ్డంతా పత్తి బండ్లు, గాలిలో దూది. ఖానాపూర్ దాటాక లోపలికి ఉండే పల్లె ఆమెది. ముప్పై దాటి ఉండవు. మొగుడు పోయాడు, తొమ్మిదేళ్ళ కూతురితో అత్తగారి ఊళ్ళోనే ఉండేది. ఆ కూతురు పొలం బావిలో పడి చనిపోయింది. తల్లే తోసేసిందని మరిది కేసు పెట్టాడు. ఆమెకు మళ్ళీ పెళ్ళి మాటలు నడుస్తున్నాయనీ, పిల్ల అడ్డమనీ అతని వాదన. దానికి రెండు సాక్ష్యాలు. ఆ పొద్దున "సంపుత నిన్నియాల్ల" అని ఆమె పిల్లను తిట్టగా ఇరుగుపొరుగు వాడకట్టంతా విన్నది. శవాన్ని పైకి తీసినప్పుడు "నా బిడ్డను నేనే సంపుకున్న" అని ఊరందరి ముందు ఆమె నోటితో ఆమే అన్నది.

మొదటిది వింటే నాకు ఒళ్ళు మండింది. సంపుత అన్నందుకు కేసులు పెడితే కరీంనగర్ జిల్లాలో తల్లన్నది బయట మిగలదు. మా అవ్వ నన్ను పొద్దున ఒకసారి, మాపున ఒకసారి సంపేది. కానీ రెండో మాట మా ఇంటి మాట.

జైల్లో ఆమె సరిగ్గా తినడం లేదని, ఎవరితోనూ మాట్లాడడం లేదని కోర్టు మా దగ్గరికి పంపింది. కానిస్టేబులమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి గుమ్మం పక్కన నిలబడింది. సార్ నెమ్మదిగా ఊరు, పేరు, నిద్ర, తిండి అన్నీ అడిగాడు. దేనికీ జవాబు లేదు. చివరికి అడగవలసింది అడిగాడు.

"పాపకు ఏమైందమ్మా?"

ఆమె కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "నేనే సంపుకున్న సార్."

గొంతు వేరు, మనిషి వేరు. కానీ ఆ కొంగు, ‘నేనే’ దగ్గర ఆ ఊపిరి తెగడం, ‘సంపుకున్న’ చివర గొంతు కిందికి జారిపోవడం, అంతా మా అవ్వదే. గదిలో మా అన్న కూడా ఉన్నట్టే అనిపించింది. పిచ్చి ఊహ అని తెలుసు. తెలిసినా తల తిప్పి నా కుర్చీ వెనక చూశాను.

ఆమెను తీసుకుపోయాక సార్‌తో వాదించాను. కేసులో ‘చంపాను’ అని రాశారు సార్, ఆమె అన్నది ‘సంపుకున్న’. రెండూ ఒకటి కావు. బిడ్డను కళ్ళముందు పోగొట్టుకున్న తల్లి ఎవరైనా అంటుంది ఆ మాట. మా ఇంట్లోనే ఉంది.

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా వైపు మాత్రం అనరేంటమ్మా? చేజేతులా చంపుకున్నాను అని మా అమ్మమ్మ కూడా అనేది. ఆ తేడా నాకు తెలుసు. కానీ నిజంగా చంపిన తల్లి ఉందనుకో. ఆమె ఏమంటుంది? ఇదే మాట అనదా?"

నేను నోట్‌బుక్ మూశాను.

"ఆ మాట ఏం చెబుతుందో నాకు తెలుసు" అన్నాడు. "ఏం చెప్పదో కూడా తెలియాలి కదా."

ఆ ప్రశ్న నాతో గదికి వచ్చింది, మార్కెట్‌కు వచ్చింది. అవ్వ ఫోన్ చేసి "తిన్నవా బిడ్డా" అని అడుగుతుంటే నేను ఆమె మాటల మధ్య ఎక్కడ ఆగుతోందో వింటున్నాను. ఆగిన చోట ఏముందా అని వెతుకుతున్నాను. చదువు అలాంటిది. ఒకసారి చెవి అలా తయారయ్యాక సొంత తల్లికైనా మినహాయింపు ఉండదు. పసరు మందు సంగతి నిజమేనా? ఆమె చెప్పిందే కదా మాకు తెలిసిందంతా? చిన్నప్పటి భయం డిగ్రీలు చదువుకుని, పెద్ద మాటలు నేర్చుకుని మళ్ళీ నా ఇంటికే వచ్చింది. నా మీద నాకు అసహ్యం వేసింది, అయినా వినడం ఆపలేకపోయాను.

ఆదివారం కరీంనగర్ బస్సెక్కాను. నిర్మల్ ఘాట్ దిగుతున్నంతసేపూ ఎలా అడగాలా అని మాటలు కూడబలుక్కున్నాను. ఇంటర్వ్యూ ఎలా మొదలుపెట్టాలో మాకు ఒక సెమిస్టర్ అంతా నేర్పారు. అవ్వ ముందు కూర్చునేసరికి అందులో ఒక్క ముక్క పనికి రాలేదు.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. బాపు ముందు గదిలో టీవీ చూస్తున్నాడు.

"అవ్వా, అన్నను నువ్వే సంపుకున్న అంటవ్ గదా. నిజంగనే నువ్వే సంపినవా?"

చేట మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసి, మెల్లగా, దాదాపు సంతోషంగా అన్నది.

"గిన్నేండ్లకు అడిగినవా బిడ్డా."

నాకేమీ అర్థం కాలేదు.

"లే. నేను సంపలే" అన్నది. "పసరు పోపిచ్చిన. దవాఖానకు లేటు జేసిన. గంతే. ఎవలన్న అడిగితె చెప్తుంటి. ఎవ్వలు అడగలే."

"మరి సంపుకున్న అని ఎందుకంటవ్ అందరితోటి?"

"అంటె వాళ్ళేమంటరు? నువ్వేం జేస్తవ్, వాని ఆయుష్షు గంతే ఉండె అంటరు. గా మాట ఇనేటందుకే అంట."

"ఎవరన్న అనకపోతె?"

"అనకుంట ఎవలుంటరే? గది అనాలె గదా. పగోళ్ళు గూడ అంటరు." కాసేపు బియ్యం వైపు చూసింది. "మీ బాపొక్కడే అనలే. ఎస్టీడీ బూత్‌ల ఫోన్ పట్టుకొని, నీ కొడుకును నేనే సంపుకున్న అన్న. అటు సప్పుడు లేదు. లైన్ కట్టయిందనుకున్న. కట్ కాలే. మనిషి ఊపిరి ఇనవడ్డది. అటెన్క వచ్చిండు, గిదే ఇంట్ల ఉండె, గిదే కంచంల తినె. గా మాట మాత్రం అనలే. ఆయన అంటడేమోనని సూసి సూసి, గిట్ల కనబడ్డోళ్ళకల్ల చెప్పుకుంట తిరుగుతున్న."

ముందు గదిలో టీవీ గొంతు తగ్గింది. కాసేపయ్యాక మళ్ళీ పెరిగింది. అవ్వ బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన వేసింది. నాకు దుఃఖం వచ్చింది, బాపు మీద కోపం వచ్చింది, ఆయన మీద జాలి కూడా వచ్చింది. ఎడారిలో ఎక్కడో ఫోను పట్టుకుని నిలబడ్డ మనిషికి నోరు ఎలా పెగిలి ఉంటుంది? కానీ ఆ పెగలని నోరే మా అవ్వను ఇన్నేళ్ళు బస్సుల్లో పరాయివాళ్ళ ముందు నిలబెట్టింది. నేనూ ఆ జవాబు ఎన్నడూ అనలేదని అప్పుడే తట్టింది. అన్నాను. ఆమె ఊఁ అన్నది, చిన్నపిల్ల ఇచ్చిన నీళ్ళు తాగినట్టు. ఆమె దాహం బాపు మాట కోసం, అది ఆయనే తీర్చాలి.

మర్నాడు ఆదిలాబాద్‌లో సార్‌కు ఇదంతా చెప్పాను. ఆ మాట ఒప్పుకోలు కాదు సార్, అడగడం. ఎదుటివాళ్ళు దానికి జవాబు చెప్పాలి. అది మా దగ్గర ఆనవాయితీ. సార్ పెన్ను పక్కన పెట్టి, వేరే ఖైదీని తీసుకొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డ ఆ కానిస్టేబులమ్మనే పిలిచాడు. ఆమెది కూడా ఖానాపూర్ పక్క ఊరే, శవం తీసిన రోజు డ్యూటీ మీద అక్కడే ఉంది.

"ఆవిడ ఆ మాట అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు ఏమన్నారమ్మా?"

కానిస్టేబులమ్మ ఆలోచించింది. "ఎవ్వలు ఏమనలే సార్. మంది మస్తుండిరి. అందరు నిలవడి సూసిర్రు. రెండోపెండ్లి ముచ్చట తోని ఊరోళ్ళు ఆమెతోటి మాట బంద్ పెట్టిర్రు సార్ అప్పటికే." ఆగి, తనలో తను అనుకున్నట్టు అన్నది. "ఎవలన్న ఒక్కలు నువ్వేం జేస్తవ్ అంటె, అది ఏడుపే అయితుండె."

ఒక్కలు కూడా అనలేదు. అందుకే ఏడుపు కేసయింది. నాకు ఆ ఊరు కళ్ళ ముందు కనబడింది. తడిసిన పిల్ల, తల్లి, చుట్టూ నోరు మూసుకుని నిలబడ్డ మనుషులు.

రెండోసారి ఆ తల్లితో నన్నే మాట్లాడమన్నాడు సార్. ఆమె అనుమతితో రికార్డరు పెట్టాలి, తను గదిలో ఉండడు, కానిస్టేబులమ్మ ఉంటుంది. వెళ్ళేముందు ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "ఓదార్చకు. అవునని గానీ కాదని గానీ తల కూడా ఊపకు. నువ్వు ఒక్క మాట అటు వేశావంటే, ఆ తర్వాత ఆవిడ చెప్పేది ఆవిడ చెప్పినట్టు కాదు, నువ్వు చెప్పించినట్టు. రేపు ఆవిడకు అక్కరకు రావలసింది రాకుండా పోతుంది." నాకు తెలియనిది కాదు. మా చదువులో మొదట నేర్పేదే అది.

ఆమె ఇంకా చిక్కిపోయింది. అక్కా అని పిలిచాను. మా ఊరి మాటలో మాట్లాడాను. తన తిండి సంగతి, జైల్లో పక్కన పడుకునే ముసలమ్మ సంగతి ఒకటి రెండు ముక్కలు చెప్పింది. అప్పుడు నేను అనుకున్న ప్రశ్న వేశాను.

"అక్కా, సంపినవా? సంపుకున్నవా?"

ఆమె తలెత్తింది. మొదటిసారి నన్ను సరిగా చూసింది. "రెండిట్ల ఫరక్ ఏముంది చెల్లె? పొల్ల అయితె లేదు గదా."

నేను తల ఊపలేదు.

"నేనే సంపుకున్న" అన్నది.

అని, కొంగు దించకుండా నా మొహం వంక చూస్తూ ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. బస్సులో, పెళ్ళిళ్ళలో, ఆసుపత్రి మంచాల పక్కన మా అవ్వ అలాగే ఆగేది. బావి గడ్డన ఊరంతటి ముందు ఈమె కూడా ఇలాగే ఆగి ఉంటుంది. రికార్డరు ఎర్ర దీపం వెలుగుతోంది. కానిస్టేబులమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను మాట్లాడకపోతే నివేదిక కోర్టులో నిలబడుతుంది. నేను మాట్లాడకపోతే ఆ ఊరివాళ్ళలో నేనూ ఒకదాన్ని.

"నువ్వేం జేస్తవ్ అక్కా" అన్నాను. "పొల్ల ఆయుష్షు గంతే ఉండె."

ఆమె కొంగు దించింది. తర్వాత వచ్చిన ఏడుపు నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు, ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదు. కుర్చీలోంచి నేల మీదికి జారింది. కానిస్టేబులమ్మ పరుగున వచ్చి పట్టుకుంది, తనూ ఏడ్చింది. ఆ ఏడుపు మధ్యలోనే ఆమె చెప్పింది.

"మోటర్ బంద్ జేసి రాపో బిడ్డా అని నేనే తోలిన. రోజు పోయేదే చెల్లె. అన్నం పొయ్యి మీదుండె, నేను లేవలే. పోనంటె సంపుత నిన్నియాల్ల అన్న. ఏడ్సుకుంట పోయింది. స్టార్టర్ బాయి గడ్డ మీద్నే ఉంటది, ఆడ నాచు వట్టి ఉంటది, నాకెరుకే. ఎరుకుండి తోలిన. నేను లేవలే చెల్లె, అన్నం మాడుతదని."

అన్నం మాడుతుందని లేవలేదు. అంతే. ఒక పిల్ల చావు, ఒక తల్లి జైలు, దాని అడుగున ఉన్నది అది.

సార్ తలుపు వేసుకుని రికార్డింగు విన్నాడు. నా గొంతు వచ్చిన చోట ఆపాడు. వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఆవిడ నిజమే చెబుతోందని నాకూ అనిపిస్తోంది" అన్నాడు చివరికి. "కానీ చూడమ్మా. తప్పేం లేదులే, నీ చేతిలో ఏముంది అని ముందు అనునయించి, ఆ తర్వాత మాట రాబట్టడం. ఇది ఎవరు చేస్తారు?"

నాకు తెలుసు. స్టేషన్లలో విచారణ చేసేవాళ్ళు చేస్తారు. తప్పును చిన్నది చేసి చూపిస్తారు, మనిషి మెత్తబడతాడు, నోరు విప్పుతాడు. చేయనిది కూడా చేశానంటాడు. నా థీసిస్‌లో సగం దాని గురించే. మా అవ్వ ముప్పై ఏళ్ళుగా దేని కోసం తిరుగుతోందో ఆ మాటా, పోలీసులు ఖైదీ ముందు వేసే ఎరా ఒకటే మాట. అక్షరం తేడా లేదు.

"నేను దానికోసం అనలేదు సార్."

"నాకు తెలుసమ్మా. టేపుకు తెలియదు."

మోటరు సంగతి నివేదికలోకి ఎక్కలేదు. సార్ తన మొదటి ఇంటర్వ్యూ మీదే రాశాడు. అలాంటి మాట దుఃఖంలో ఉన్న తల్లులు అనడం ఈ ప్రాంతంలో మామూలేననీ, దాన్నిబట్టి ఏదీ తేల్చలేమనీ, ఆమెకు వైద్యం అవసరమనీ రాశాడు. న్యాయంగానే రాశాడు. కొన్ని నెలలకు ఆమెకు బెయిలు వచ్చింది. కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. నిజం చెప్పగలిగిన ఒక్కసారి ఆమె నా ముందే చెప్పింది, అది నా మాట వల్లే చెల్లకుండా పోయింది. ఆ మాట అనకపోతే ఆమె అసలు చెప్పేదే కాదేమో. ఈ రెండింటి మధ్య నేను ఎన్ని రోజులు తిరిగానో నాకే తెలియదు.

నా థీసిస్ ముగిసి ఆదిలాబాద్ వదిలే ముందు ఆమె ఒకసారి దవాఖానకు మందుల కోసం వచ్చింది. వెంట వాళ్ళమ్మ. నన్ను వరండాలో చూసి ఆగింది. మొహం కాస్త తేరుకుంది. బాగున్నావా అక్కా అంటే తల ఊపింది. వాళ్ళమ్మను చీటీ కోసం వరసలో నిలబడమని పంపి, నా దగ్గరికి వచ్చింది. పక్కన ఎవరూ లేరని చూసుకుంది.

"చెల్లె, ఒకటడుగుత, ఏమనుకోకు" అన్నది. "గా దినం నువ్వేం జేస్తవ్ అక్కా అంటివి. నిజంగనే అన్నవా? లేకుంటె గట్ల అనాలెనని మీ సదువుల ఉంటదా?"

ఇంత చదివినందుకు నన్ను ఇంతకన్నా సూటిగా ఎవరూ ఏదీ అడగలేదు. వైవాలో కూడా.

"నిజంగనే అన్న అక్కా" అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూసింది, తను నమ్మాలో వద్దో అక్కడ రాసి ఉన్నట్టు. తర్వాత నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, వాళ్ళమ్మ ఉన్న వరసలోకి వెళ్ళి నిలబడింది.

అబద్ధం చెప్పలేదు. నిజంగానే అన్నాను. కానీ ఆ మాట అంటే ఆమె నోరు విప్పుతుందని, అనేముందే నాకు తెలుసు.